బీటీ (తారు) రోడ్డులో వ్యర్థ ప్లాస్టిక్: ఎక్కడ వేయాలి, ఏ పద్ధతిలో వేయాలి, ఎక్కడ వద్దనాలి

రోడ్డు ఎస్టిమేటు వేసేటప్పుడు "ప్లాస్టిక్ కలుపుదామా?" అనే మాట రాగానే తారు ఎంత మిగులుతుందని లెక్కలు మొదలుపెడతారు. ఆ లెక్క తర్వాత చూసుకోవచ్చు. పాత రోడ్డు ఎందుకు పాడైందో ముందు తేల్చుకోవాలి. ప్లాస్టిక్ పనిచేసేది పై పొరలోనే. కింద జబ్బు పెట్టుకుని పైన మంచి పొర వేస్తే, ఆ పొర కూడా రెండు వానలకే పోతుంది.

పాత రోడ్డు ఏం చెబుతోంది

వాన వెలిసాక ఒకసారి రోడ్డు వెంట నడవండి. కంకర రాళ్లు ఒక్కొక్కటిగా లేచి పక్కన కుప్ప పడుతున్నాయా? గుంతలోంచి ఒక రాయి తీసి చూస్తే తారు అంటుకోకుండా ఒట్టి రాయి కనిపిస్తోందా? అయితే నీళ్లు రాయినీ తారునూ విడదీశాయన్నమాట. తెలంగాణలోనూ రాయలసీమలోనూ మనం ఎక్కువగా వాడేది గ్రానైటు కంకర. ఆ జాతి రాయి తారుకన్నా నీటినే ఎక్కువ ఇష్టపడుతుంది, అందుకే ఈ జబ్బు మన దగ్గర ఎక్కువ. లారీల చక్రాలు నడిచే చోట గాడి పడుతోందా, ఏప్రిల్, మే నెలల్లో తారు పైకి తేలి మెరుస్తోందా? అది ఎండకు బైండర్ (రాళ్లను అతికించే తారు) మెత్తబడటం. ఈ రెండు జబ్బులకూ ప్లాస్టిక్ మందే.

అంచులు విరిగి పొలంలోకి జారుతుంటే, రోడ్డు పొడవునా పగుళ్లు పడుతుంటే, మొసలి చర్మంలా గళ్లు గళ్లుగా పగిలి కింది మట్టి పైకి వస్తుంటే సంగతి వేరు. కింద నల్లరేగడి ఉబ్బి కుంగుతోంది, లేదా సైడు కాలువ పూడిపోయి సబ్‌గ్రేడు (రోడ్డు కింది మట్టి) నానుతోంది. అక్కడ ప్లాస్టిక్‌కు పెట్టే శ్రమను కాలువ తవ్వకానికీ, మట్టి మీద పరిచే కంకర పొర జీఎస్‌బీకీ మళ్లించండి. ఊరి మధ్య వాడకం నీళ్లు ఎప్పుడూ నిలిచే వీధి అయితే బీటీ ఆలోచనే మానుకుని సీసీ రోడ్డు వేయడం మంచిది.

ముందున్న నాలుగు దారులు

మొదటిది మామూలు తారు. తారుకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 73:2013 ప్రకారం గాలి ఉష్ణోగ్రతను బట్టి గ్రేడు ఎంచుకుంటాం. వారం రోజుల సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 38 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే వీజీ-30, 45 దాటితే అంతకన్నా గట్టిదైన వీజీ-40. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల వీజీ-30తో సరిపెట్టి, ఆ తర్వాత గాడి పడిందని ప్లాస్టిక్ వైపు చూడటం సరైన వరస కాదు. సరైన గ్రేడు వేశారా అన్నదే మొదటి ప్రశ్న.

రెండోది పొడి పద్ధతి. వేడి కంకర మీద ప్లాస్టిక్ తురుము చల్లితే అది కరిగి రాయికి పలచని పూతలా పడుతుంది. ఆ పూత మీద తారు పడుతుంది. మదురైలోని త్యాగరాజర్ ఇంజినీరింగ్ కళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యులు ఆర్. వాసుదేవన్ రూపొందించిన పద్ధతి ఇది. 2002 నుంచి తమిళనాడులో రోడ్ల మీద వాడకంలో ఉంది. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లో తెచ్చిన ఐఆర్‌సీ:ఎస్‌పీ:98 మార్గదర్శకం ఈ పొడి పద్ధతికి సంబంధించినదే, అదీ పై పొరలకు. 2015 నవంబరులో కేంద్ర రహదారుల శాఖ 5 లక్షలకు పైబడిన జనాభా ఉన్న నగరాల చుట్టూ 50 కిలోమీటర్ల పరిధిలో జాతీయ రహదారుల తారు పనులకు వ్యర్థ ప్లాస్టిక్ వాడాలని ఆదేశించింది.

మూడోది తడి పద్ధతి. ప్లాస్టిక్‌ను ముందే వేడి తారులో కలిపేస్తారు. వినడానికి సులువుగా ఉంటుంది, చేయడం కష్టం. పాలిథీన్ తారుకన్నా తేలిక. గట్టిగా చిలికే మిక్సరు ఆగిందంటే ప్లాస్టిక్ పైకి తేలి మీగడలా కడుతుంది. ట్యాంకు అడుగున తీసిన తారులో ప్లాస్టిక్ ఉండదు, పైన తీసినదాంట్లో మరీ ఎక్కువ ఉంటుంది. అది విడిపోకుండా ఉండాలని గంటల తరబడి ఎక్కువ వేడిలో తిప్పుతుంటే తారే ముదిరిపోతుంది. పైగా కలిసేది తక్కువ శాతమే. హై షియర్ మిక్సరు, తిప్పే ఏర్పాటున్న ట్యాంకు, విడిపోతోందో లేదో చూసే ల్యాబు, ఈ మూడూ లేని ప్లాంటులో తడి పద్ధతికి ఒప్పుకోకండి.

నాలుగోది తయారుగా దొరికే మాడిఫైడ్ తారు: ఐఎస్ 15462:2019 ప్రకారం వచ్చే పీఎంబీ (పాలిమరు కలిపిన తారు), లేదా పాత టైర్ల పొడితో చేసే సీఆర్‌ఎంబీ. ఇక్కడ చాలామంది తడబడతారు. పీఎంబీలో వాడే ఎస్‌బీఎస్ రబ్బరు గుణం ఉన్న పాలిమరు. చక్రం బరువు దిగగానే సాగినది వెనక్కి వస్తుంది. మన చెత్తలో దొరికే పాలిథీన్‌కు, పాలీప్రొపిలీన్‌కు ఆ గుణం లేదు. అవి మిశ్రమాన్ని గట్టిపరుస్తాయంతే. గాడి పడటాన్నీ, రాయి లేవడాన్నీ ఆపుతాయి. పగుళ్ల విషయంలో పీఎంబీ చేసే పని వాటి నుంచి ఆశించకూడదు. "ప్లాస్టిక్ వేశాం కాబట్టి పీఎంబీతో సమానం" అని ఎవరైనా అంటే నమ్మకండి.

మరో విషయం. నెదర్లాండ్స్‌లోని జ్వోల్లెలో 2018లో వేసిన ప్లాస్టిక్ రోడ్డు ఫోటోలు చూపించి ఇదీ అదీ ఒకటే అనేవారున్నారు. అది లోపల గుల్లగా ఉండే ప్లాస్టిక్ దిమ్మెలు పేర్చి వేసిన సైకిల్ దారి. దానికీ తారు రోడ్డుకూ పోలిక లేదు.

ఏ రోడ్డుకు ఏది

గ్రామాలను కలిపే రోడ్లు, మండల కేంద్రానికి వెళ్లే సింగిల్ లేన్, పట్టణాల్లో కాలనీ రోడ్లకు, కింద బేసు గట్టిగా ఉండి కాలువ పారుతుంటే, పొడి పద్ధతే మా మొదటి సలహా. ఇక్కడ పీఎంబీ ఖర్చు దండగ. తురుము నమ్మకంగా దొరకని చోట వీజీ-30 వేసి, కంకరకు 2 శాతం హైడ్రేటెడ్ లైమ్ కానీ, రాయిని తారు వదలకుండా పట్టుకునే ద్రవ మందు కానీ కలపండి. రాయి లేవడం ఒక్కటే మీ సమస్య అయితే, ఆ ఒక్క పనీ సున్నంతో కూడా జరుగుతుంది.

రాష్ట్ర రహదారి, ఇసుక లారీలూ సిమెంటు ట్యాంకర్లూ నడిచే దారి అయితే వీజీ-40తో పొడి పద్ధతి గానీ, పీఎంబీ గానీ. పాత పొరలో పగుళ్లుండి దాని మీదే కొత్త పొర వేయాల్సి వస్తే పీఎంబీ వైపే మొగ్గండి. టోల్ ప్లాజా, బస్టాండు, సిగ్నలు దగ్గర లారీలు ఆగి కదిలే చోట్లు, భారీ ట్రాఫిక్ జాతీయ రహదారి: వీటికి పీఎంబీయే. 2015 ఆదేశం వర్తించే రహదారి అయితే ప్లాస్టిక్‌ను సర్వీసు రోడ్డులో, ట్రాఫిక్ తక్కువ ఉన్న భాగాల్లో వాడటానికి పై అధికారుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

ఓజీపీసీ (సన్న కంకరతో వేసే పలచని పై పొర) లో ప్లాస్టిక్ వేయవచ్చు. కానీ ఆ పొరే సందులతో ఉంటుంది, నీళ్లు లోపలికి దిగుతాయి. ఆ సందులు మూసే సీల్ కోటు ఆలస్యం చేస్తే రాయికి ఎంత పూత ఉన్నా ఉపయోగం లేదు.

లెక్క

3.75 మీటర్ల వెడల్పు, కిలోమీటరు పొడవు, 30 మి.మీ. బీసీ (తారు కాంక్రీటు) పొర తీసుకుందాం. పరిమాణం 112.5 ఘనపు మీటర్లు, ఘనపు మీటరుకు 2.3 టన్నుల చొప్పున సుమారు 259 టన్నుల మిశ్రమం. బైండర్ 5.4 శాతం అనుకుంటే దాదాపు 14 టన్నులు. ఐఆర్‌సీ చెప్పేది బైండర్ బరువులో 6 నుంచి 8 శాతం ప్లాస్టిక్. అది వానల తీరును బట్టి ఉంటుంది. 8 శాతం అంటే 1.12 టన్నుల ప్లాస్టిక్, అంత మేర తారు తగ్గుతుంది.

డబ్బులో చూస్తే? ఉదాహరణకు తారు కిలో 50 రూపాయలు, ప్లాంటుకు చేరిన తురుము కిలో 20 రూపాయలు అనుకోండి. టన్ను మిశ్రమంలో పడేది 4.32 కిలోల ప్లాస్టిక్, కిలోకు 30 రూపాయలు మిగిలితే టన్నుకు 130. కిలోమీటరుకు సుమారు 33,500 రూపాయలు. ఏరివేత, కడగడం, ఆరబెట్టడం, తురమడం, రవాణా కలుపుకుని తురుము ధర పెరిగితే ఈ మిగులు కరిగిపోతుంది. మీ జిల్లా ధరలు పెట్టి ఇదే లెక్క వేసుకోండి. తారు ఆదా చూసి ఈ పని మొదలుపెట్టినవాళ్లు మధ్యలో వదిలేస్తారు. అసలు లాభం పై పొర ఎక్కువ కాలం నిలవడంలోనూ, ఎవరూ కొనని చెత్తకు ఒక దారి దొరకడంలోనూ ఉంది.

ఏ ప్లాస్టిక్ పనికొస్తుంది

ఈ పని గెలిచేదీ ఓడేదీ ఏరివేత దగ్గరే. పాలిథీన్ 100 నుంచి 120 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, పాలీప్రొపిలీన్ 140 నుంచి 160 మధ్య. కంకర వేడి 160 నుంచి 170 డిగ్రీలు. కాబట్టి ఈ రెండూ రాయికి పట్టుకుంటాయి. సంచులు, కప్పులు, పలచటి కవర్లు 60 మైక్రాన్ల లోపువి తీసుకోవాలి. నురుగు రకం ప్యాకింగు ఎంత మందమైనా ఫరవాలేదు.

ఇక్కడో చిక్కుంది. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు తక్కువైన క్యారీ బ్యాగులు నిషేధం. అందువల్ల తేలికగా కరిగే పలచటి సంచులు చట్టబద్ధంగా తగ్గాలి, తురుముకు వచ్చేది ఎక్కువగా పాల ప్యాకెట్లు, నూనె ప్యాకెట్లు, బిస్కెట్, చిప్స్ రేపర్లు. పాల ప్యాకెట్లు చాలా మంచి సరుకు, కానీ వాటిని పాతసామాన్ల వ్యాపారి కొంటాడు. కొనేవాడున్న ప్లాస్టిక్‌ను రోడ్డులో పాతిపెట్టడం సరికాదని మా అభిప్రాయం. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలు కూడా మళ్లీ రీసైకిల్ కాని ప్లాస్టిక్‌నే రోడ్డుకు వాడటం మేలంటున్నాయి. మిగిలిన రేపర్లలో అల్యూమినియం పొర ఉన్నవి ఉంటాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాటిని 60 మైక్రాన్ల వరకు అనుమతించింది. కానీ ఆ రేకు కరగదు కనుక తురుము మొత్తం అవే కాకుండా, పాలిథీన్ కవర్లతో కలిపి వాడండి.

నీళ్ల సీసాల పెట్ 250 డిగ్రీలకు పైన గానీ కరగదు. మన కంకర వేడికి అది పూతగా మారకుండా ఇసుక రేణువులా మిగులుతుంది. మార్గదర్శకంలో దాని పేరున్నా పూత కోసం దాన్ని నమ్ముకోవద్దు, దానికి మంచి ధర కూడా ఉంది.

అసలు రానివ్వకూడనిది పీవీసీ. వేడికి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది, ప్లాంటు మీద నిలబడే మనిషి ఊపిరితిత్తులకు ముప్పు. మన ఊళ్లలో పీవీసీ ఎక్కడి నుంచి వస్తుందంటే అన్నిటికన్నా ముందు ఫ్లెక్సీలు. పుట్టినరోజుకూ ఎన్నికలకూ కట్టిన బ్యానర్లన్నీ చివరికి అదే గుట్టలో చేరతాయి. తర్వాత పాత బోరు పైపులు, వైర్ల తొడుగులు. నల్లరంగు ప్లాస్టిక్ కూడా వద్దు. డ్రిప్ పైపులు, మల్చింగ్ షీట్లు ఈ లెక్కలోకే వస్తాయి. మల్చింగ్ షీట్‌కు ఎలాగూ మట్టి పట్టి ఉంటుంది, ఎండకు చీకిపోయి ఉంటుంది.

ల్యాబు లేకపోయినా ఒక పరీక్ష చేయవచ్చు. బకెట్ నీళ్లలో కొంచెం సబ్బు కలిపి గుప్పెడు తురుము వేసి బాగా కలపండి. పాలిథీన్, పాలీప్రొపిలీన్ తేలతాయి. పీవీసీ, పెట్ మునుగుతాయి. సబ్బు లేకుంటే తడవని ముక్కలు ఏవైనా పైనే నిలిచి మోసం చేస్తాయి. మునిగిన ముక్కల్లో ఒకటి తీసి, ఎర్రగా కాల్చిన రాగి తీగకు అంటించి మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే క్లోరిన్ ఉంది, ఆ లోడు వెనక్కి పంపండి. ఈ పరీక్ష గాలి ఆడే చోట, కొద్ది ముక్కతోనే చేయండి. మట్టి, దుమ్ము 1 శాతం దాటకూడదు. తురుము 2.36 మి.మీ. జల్లెడలోంచి దిగి 600 మైక్రాన్ల జల్లెడ మీద నిలవాలి.

ప్లాంటులో

విడతలుగా కలిపే బ్యాచ్ ప్లాంటులో పని తేలిక. టన్ను బ్యాచ్‌కు 4.3 కిలోల తురుము ముందే తూచి సంచుల్లో కట్టి పెట్టుకోండి. వేడి కంకర పగ్‌మిల్‌లో (కలిపే తొట్టిలో) పడగానే సంచిడు తురుము వేసి 30 నుంచి 40 సెకన్లు తిప్పాలి. రాళ్లు నూనె రాసినట్టు నిగనిగలాడితే పూత పట్టినట్టు. ఆ తర్వాతే తారు. ఈ వరస తప్పి తారు ముందు పడితే తురుము తారులో ఉండలు కడుతుంది, రాయికి అంటదు. సైటులో కనిపించే తెల్ల ముక్కలకు చాలాసార్లు కారణం ఇదే. రెండో కారణం చల్లటి కంకర: వానాకాలంలో తడి కంకర 150 కూడా అందుకోక ముందే పగ్‌మిల్‌లోకి వస్తుంది. దాన్ని సరిచేయబోయి బర్నరు పెంచి 180 దాటిస్తే పొగ లేస్తుంది, తారు ముదురుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పట్టుకుని ఒక మనిషి అక్కడే ఉండాలి.

ఎడతెగకుండా కలిపే డ్రమ్ ప్లాంటులో తురుము బర్నరు మంటకు దూరంగా, డ్రమ్ మధ్యలో వేరే దారిన పడాలి. కంకర కన్వేయరు మీదే చల్లేస్తే మంటలోకి వెళ్లి కాలిపోతుంది, మిశ్రమంలో మిగిలేది శూన్యం. గంటకు 100 టన్నుల ప్లాంటుకు నిమిషానికి 7.2 కిలోల తురుము కావాలి. చేతితో విసిరితే ఒక నిమిషం రెండింతలు పడుతుంది, మరో నిమిషం ఏమీ పడదు. స్క్రూ ఫీడరు గానీ, గాలితో ఊదే బ్లోయరు గానీ తప్పనిసరి. అదే ప్లాంటు ఎనిమిది గంటలు నడిస్తే దాదాపు 3.5 టన్నుల తురుము మింగుతుంది. మండలంలోని ప్లాస్టిక్ షెడ్డు ఒక రోజు పనికి సరిపడా ఇవ్వగలదా అని కాంట్రాక్టు సంతకానికి ముందే చూసుకోండి. వారాల ముందు నుంచి నిల్వ చేయాలి. అదీ పైకప్పు కింద, బర్నరుకూ డీజిల్‌కూ దూరంగా. తడిసిన తురుము ఉండకడుతుంది, అందులోని నీరు ఆవిరై నురగ తెస్తుంది.

రోడ్డు మీద తేడా రోలింగులో తెలుస్తుంది. ప్లాస్టిక్ మిశ్రమం చల్లారేకొద్దీ త్వరగా బిగుస్తుంది. మామూలు మిశ్రమానికి 90 డిగ్రీల వరకు రోలరు తిప్పే అలవాటుంటే, ఇక్కడ 110కి ముందే అసలు పాస్‌లు పూర్తి చేయండి. ప్లాంటుకూ సైటుకూ దూరం గంట దాటితే టిప్పరుకు టార్పాలిన్ కప్పకుండా పంపకండి. సాంద్రత రాకపోతే లోపల గాలి సందులు మిగులుతాయి, వాటి గుండా నీళ్లు దిగుతాయి. ప్లాస్టిక్ వేసి కూడా గుంతలు పడిన రోడ్లలో మొదట కోర్ (పొరలోంచి కోసిన ముక్క) తీసి సాంద్రత చూడమంటాం.

పరీక్షలూ, బిల్లు దగ్గర వచ్చే తగాదా

ప్లాస్టిక్ ఉన్న మిశ్రమం, లేని మిశ్రమం రెండింటికీ ఒకే కంకరతో జాబ్ మిక్స్ (పాళ్లు ఖరారు చేసే పరీక్ష) చేయించండి. మార్షల్ స్థిరత్వం (నమూనా విఫలమయ్యే లోపు మోసే బరువు) 60 డిగ్రీల దగ్గర కనీసం 12 కిలోన్యూటన్లు, ఫ్లో (అప్పటికి నమూనా నలిగిన మేర) 2 నుంచి 4 మి.మీ., గాలి సందులు 3 నుంచి 5 శాతం, నీటిలో నానాక నిలిచే స్థిరత్వం కనీసం 98 శాతం రావాలి. మీ కంకరతో రెండు మిశ్రమాల మధ్య ఈ చివరి అంకెలో తేడా కనిపించకపోతే, ప్లాస్టిక్ వల్ల మీకు రాబోయే లాభం కూడా తక్కువే. స్థిరత్వం బాగా పెరుగుతోందని 8 శాతం దాటించడం పొరపాటు, గట్టితనం పెళుసుగా మారుతుంది.

తగాదా ఎక్కడ వస్తుందంటే, తారును ద్రావకంతో కరిగించి ఎంత ఉందో తేల్చే ఎక్స్‌ట్రాక్షన్ పరీక్షలో. ఆ ద్రావకం ట్రైక్లోరోఇథిలీన్ ప్లాస్టిక్ పూతను పూర్తిగా కరిగించదు, పూతకు అంటుకున్న తారు కొంత రాయి మీదే ఉండిపోతుంది. ఫలితం తక్కువ చూపిస్తుంది, క్వాలిటీ కంట్రోల్ వారు తారు తక్కువ వేశారని రాస్తారు, కాంట్రాక్టరు కాదంటాడు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. పూత కరగాలంటే డెకాలిన్ అనే మరో ద్రావకంతో వేడి చేయాలి, అది ప్రతి ల్యాబులో ఉండదు. అందుకే ట్రయల్ రోజునే, వేసిన తారు ఎంతో కచ్చితంగా తెలిసిన నమూనా మీద అదే పరీక్ష చేసి ఎంత తక్కువ చూపుతోందో ఇద్దరూ సంతకం పెట్టి ఉంచుకోండి. తురుము వాడకానికి సాక్ష్యం ప్లాంటు రికార్డే: వచ్చిన లోడుల తూకం చీటీలు, ఖాళీ సంచుల లెక్క, బ్యాచ్ ప్రింటవుట్.

చివరగా ఒక పని. ఏ చైనేజీ (రోడ్డు మొదలు నుంచి దూరం) నుంచి ఏ చైనేజీ వరకు ప్లాస్టిక్ పొర ఉందో, ఎంత శాతమో, ఏ సంవత్సరమో రోడ్డు రిజిస్టరులో రాయించండి. పై పొర అరిగే కొద్దీ అందులోని ప్లాస్టిక్ కూడా సన్నటి పొడిగా కాలువలోకి చేరుతుంది. అందుకే చెరువు కట్ట మీది రోడ్డుకూ, తాగునీటి కాలువ పక్క దారికీ మేము ఈ పొరను సూచించం. పదేళ్ల తర్వాత ఆ పొరను మిల్లింగ్ చేసి (గీకి తీసి) మళ్లీ వాడాలనుకునే ఇంజినీరుకు అందులో ప్లాస్టిక్ ఉందని తెలిస్తేనే దాన్ని నేరుగా మంట తగలకుండా వేడి చేస్తాడు.